బ్రేకు దూరం

లియెపాయలో ట్రామ్ దారి ఒక్కటే.
ఈ కొస నుంచి ఆ కొసకి,
మళ్ళీ ఆ కొస నుంచి ఈ కొసకి.
దారి తప్పే వీలే లేని కొలువు
పందొమ్మిదేళ్ళుగా చేస్తోంది ఔస్మ.

కొస స్టాపులో ఏడు నిమిషాలు ఆగాలి.
ఇదివరకు ఆ ఏడు నిమిషాల్లో
ఫ్లాస్కులో కాఫీ ఉండేది.
ఇంకో బండి నడిపే వెల్గా ఉండేది.
వెల్గా తన పిల్లి మీద చెప్పే చాడీలుండేవి.
బాల్టిక్ గాలి అద్దాల మీద
ఉప్పు పూసి పోతుండేది.

ఇప్పుడు ఫోను.
ఫోనులో మూడు చక్రాలు.
చెర్రీ, గంట, ఏడు.
చెర్రీ, గంట, మళ్ళీ గంట.
అబ్బ, ఒక్క గడిలో తప్పింది!

డబ్బు పెట్టే ఆట కాదు లెండి.
చేతిచమురు వదిలే పని లేదు.
నాణేలు వాళ్ళే ఇస్తారు,
నాలుగు గంటలకోసారి
పేరు పెట్టి పిలిచి మరీ ఇస్తారు.
గెలిచిన కోటీ నలభై లక్షలకి
రై రొట్టె ముక్క కూడా రాదు.
ఆ సంగతి ఆమెకీ తెలుసు.
తెలుసు కనుకే భయం లేదు,
భయం లేదు కనుకే లెక్క లేదు.

మేనమామ ఆర్విడ్స్
పేకాటలో చేపల పడవ పోగొట్టుకున్నాడు.
పడవ పోతే రేవులో ఖాళీ కనపడుతుంది,
ఊరంతా చూస్తుంది.
నాదేం పోయింది, చూపించండి
అనుకుంటుంది ఔస్మ
తెల్లవారుజాము మూడింటికి,
అలారం పెట్టుకుని లేచి,
ఊరికే వచ్చిన నాణేలు ఏరుకుంటూ.
ఔస్మ అంటే వాళ్ళ భాషలో వేకువ.

అక్టోబరులో ఒక రోజు
ఎవరో అద్దం మీద కొట్టారు.
పొగచేపల సంచీతో ఒక ముసలాయన.
చేత్తో గడియారం చూపించాడు.
మూడు నిమిషాలు ఆలస్యం.
"సిగ్నల్ రాలేదు" అంది ఔస్మ.

దారి పొడుగునా చేపల వాసన.
దారి పొడుగునా ఆ మాట.
రొట్టె ముక్క కూడా కొనలేని నాణేల కోసం
పందొమ్మిదేళ్ళలో మొదటి అబద్ధం.

సాయంత్రం డిపోలో, బూట్లు విప్పుకుంటూ,
నీళ్ళు నములుతూ, వెల్గాతో చెప్పింది.
వెల్గా నవ్వలేదు. బుద్ధులూ చెప్పలేదు.
"ఆ ఆట నేనూ ఆడతాను,
మేజోడు అల్లి అల్లి వేళ్ళు నొప్పెడితే.
చాలనుకుంటే ఆపేస్తాను.
నీకు ఆగుతోందా?"

ఆగడం గురించి
ఔస్మకి ఎవరూ నేర్పనక్కర్లేదు.
ఆకులు రాలే రోజుల్లో
తడి పట్టాల మీద బ్రేకు వేస్తే
బండి ఎన్ని గజాలు జారుతుందో
అరికాలితో చెప్పగలదు.
జారుతుందనిపిస్తే మీట నొక్కుతుంది,
చక్రాల ముందు ఇసుక రాలుతుంది.

ఫోనులో ఇసుక లేదు.
ఆటని చెరిపేయడానికి వేలు రాలేదు, నిజమే.
పిలుపులు మాత్రం ఆపేసింది.
మూడింటి అలారం తీసేసింది.
గుడ్లు ఉడికించే కోడి బొమ్మ గడియారాన్ని
పావుగంటకి తిప్పి
వంటింటి అవతలి మూల పెట్టింది.
అది మోగితే లేచి వెళ్ళి ఆపాలి.

కోడి కూశాక
చక్రాలు ఎన్నిసార్లు తిరిగాయో
బండి లాగ్‌బుక్కు రాసినట్టే రాసుకుంటోంది.
తొలిరాత్రి పదకొండు.
మర్నాడు ఏడు.
వాన పడ్డ ఆదివారం, ఎవరూ ఫోను చేయని ఆదివారం,
ముప్ఫై నాలుగు.
కొట్టేయలేదు. అలాగే ఉంచింది.

బుధవారం రెండు.

గురువారం కొస స్టాపులో
వెల్గా పిల్లి కర్టెను చింపిన కథ
సగంలో ఉండగానే
ఏడు నిమిషాలు అయిపోయాయి.
తక్కిందేమిటో తెలియాలంటే
ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్ళి
మళ్ళీ రావాలి.